కుంగిన నేల మీద దీపం

భారతదేశానికి దక్షిణపు కొస ఏది అని క్లాసులో అడిగితే, యేటా అందరూ ఏకకంఠంగా 'కన్యాకుమారి' అంటారు. పిల్లల తప్పేమీ లేదు. చాలామంది పెద్దల నమ్మకమూ అదే. కాని కన్యాకుమారి ప్రధాన భూభాగానికి మాత్రమే కొస. అసలు కొస అక్కడికి యింకా నూటనలభై కిలోమీటర్ల పైచిలుకు దక్షిణంగా, నికోబార్ దీవులలో కట్టకడపటిదైన గ్రేట్ నికోబార్ మీద వుంది. ఒకప్పుడు దాన్ని పిగ్మేలియన్ పాయింటు అనేవారు. 1980ల నడుమ ఇందిరా పాయింటు అని పేరు మార్చారు. అక్కడినుంచి సుమత్రా దగ్గరే. మన చెన్నపట్నమో, అంతకు ఎన్నో రెట్లు దూరం!

ఆ కొసన 1972లో ఒక దీపస్తంభం నిలబెట్టారు. ఎరుపూ తెలుపూ పట్టెలు వేసిన ఇనుప స్తంభం, 35 మీటర్ల ఎత్తు. అంత మారుమూల యెందుకయ్యా అంటే, సింహళం చుట్టి మలక్కా జలసంధికి పోయే ఓడలు చాలా మట్టుకు యీ దీవికీ సుమత్రాకూ నడుమ వున్న సందులోనుంచే పోవాలి. ఆ సందు ప్రపంచ వ్యాపారానికి రాజవీధి.

మనకు దీపస్తంభమనగానే గుడి ముంగిట వుండేది గుర్తుకు వస్తుంది. కార్తికమాసంలో ధ్వజస్తంభానికి ఎత్తే ఆకాశదీపం కూడా దారి చూపడానికే; కాకపోతే అది పితృదేవతలకంటారు. సముద్రం ఒడ్డున పెట్టేది బ్రతికివున్నవాళ్ళ కోసం. అందులో వెలిగే దీపం అంత పెద్దదేమీ కాదు. గొప్పతనమంతా దాని చుట్టూ వున్న అద్దాలది. 1820లలో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, బరువైన ఒకే భూతద్దానికి బదులు అద్దపు ముక్కలను వలయాలు వలయాలుగా కూర్చి, నలుదిక్కులా చెదిరిపోయే వెలుగును ఒక్క ధారగా మలచే ఉపాయం కనిపెట్టాడు. యిక ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క నడక. ఒకటి రెండు మారులు తళుక్కుమని ఆగుతుంది. యింకొకటి నిదానంగా ఒక్కసారే వెలిగి ఆరుతుంది. నావికుడు గడియారం చేతబట్టుకొని, ఆ వెలుగులకు గురులఘువులు గుర్తించి, విరామం ఎంతసేపో లెక్కగట్టి, తన దగ్గరున్న పట్టికతో సరిచూసుకొని, 'యిది ఫలానా దీపం' అని తేల్చుకొంటాడు. మా ఛందస్సు క్లాసులో వుండవలసినవాడు!

యీ లెక్క అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. ఓడ కదులుతుంది, నీరు కదులుతుంది, దీపం కదలదు. ఇందిరా పాయింటులో ఆ దీపమే కదిలింది.

2004 డిసెంబరు 26, ఆదివారం. మన గడియారాల ప్రకారం ఉదయం ఆరున్నర కావస్తూ వుంది. సుమత్రాకు పడమటి సముద్రంలో 9.1 పరిమాణంతో భూకంపం వచ్చింది. అక్కడ సముద్రం అడుగున ఒక భూఫలకం మరొక దాని కిందికి దూరుతూ వుంటుంది. రెండూ పట్టుకుపోయినచోట పై ఫలకం వెదురుబద్దలా వంగుతుంది. అంచు కిందికి లాగబడుతుంది, వెనుకభాగం వుబ్బుతుంది. వందల యేళ్ళ బిగువు ఒక్కసారి సడలితే అంచు పైకి లేస్తుంది, వుబ్బిన భాగం కూలబడుతుంది. ఉత్తర అండమాన్ పడమటి తీరాన నేల లేచి పగడపు దిబ్బలు బయటపడ్డాయి. గ్రేట్ నికోబార్ కుంగింది. ఇందిరా పాయింటు దగ్గర కుంగినది సుమారు 4.25 మీటర్లు, అంటే దాదాపు పధ్నాలుగు అడుగులు. ఆ వెనుకనే వుప్పెన వచ్చింది. దీపాన్ని కనిపెట్టుకొని వున్న ఉద్యోగుల కుటుంబాలలో పలువురు కొట్టుకుపోయారు. స్తంభం మాత్రం మొదలు నీళ్ళలో పెట్టుకొని నిలిచింది.

పధ్నాలుగు అడుగులు కుంగితే నావికుడికేమిటి అనుకోవచ్చు. భూమి గుండ్రన గనుక దీపం ఎంత ఎత్తున వుంటే అంత దూరానికి కనబడుతుంది. నీటిమట్టానికి 35 మీటర్ల ఎత్తున వున్న దీపాన్ని అలల మట్టంలో వున్నవాడు సుమారు 22.8 కిలోమీటర్ల దూరంనుంచి చూడగలడు. దాన్ని 4.25 మీటర్లు దించండి, 21.4 అవుతుంది. ఒకటిన్నర కిలోమీటరు దగ్గరికి వస్తేగాని కనబడదన్నమాట. చీకట్లో అది తక్కువ దూరం కాదు. స్తంభాన్ని బాగుచేసి దీపం మళ్ళీ వెలిగించారు. నేలను మళ్ళీ ఎవరూ ఎత్తలేరు గదా!

ఆ దీవితో మనవాళ్ళకు చుట్టరికం లేకపోలేదు. 1969 మొదలు ప్రభుత్వం సైన్యంలో పనిచేసి వచ్చిన సుమారు 330 కుటుంబాలను అక్కడ తూర్పుతీరాన నిలిపింది. పంజాబీలు, మరాఠీలు, తమిళులు, మలయాళీలతో పాటు ఆంధ్రులూ వున్నారు. అడవి కొట్టి, కొబ్బరి వేసి, వూళ్ళు నిలబెట్టుకొన్నారు. క్యాంబెల్ బే నుంచి దీపం దాకా యాభై కిలోమీటర్ల రోడ్డు వుండేది; గలాతియా దగ్గర దాన్ని సముద్రం మింగింది. వీళ్ళకంటే ఎన్నో తరాల ముందునుంచీ అక్కడే వున్న నికోబారీలది మరీ దయనీయం. దక్షిణాన చింగెన్ అనే వూరు పోగా, మిగిలినవాళ్ళను క్యాంబెల్ బే దగ్గర పెట్టారు. మా వూరికి మమ్మల్ని పోనివ్వండి అని వాళ్ళు యేళ్ళ తరబడి అడుగుతూనే వున్నారు.

వుపగ్రహాలు దారి చెప్పే యీ కాలంలో దీపమెందుకని అడిగేవారున్నారు. నిజమే, పెద్ద ఓడలకు తెర మీద బొమ్మ చాలు. యంత్రం మొరాయించిన రాత్రి మాత్రం నావికుడు కళ్ళనే నమ్ముకొంటాడు. చిన్న పడవవాడికి ఎల్లప్పుడూ అవే దిక్కు. పైగా గలాతియాలో మహా ఓడరేవు కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి యిచ్చారు. పెద్దతాబేళ్ళు గుడ్లు పెట్టే తీరం అది, అడవి ఏమవుతుంది, మనుషులేమవుతారు అని వాదాలు నడుస్తున్నాయి. రేవు వస్తే దీపం ముందునుంచి పోయే ఓడలు యింకా పెరుగుతాయి.

2011 జనాభా లెక్కలవాళ్ళు వెళ్ళేసరికి ఇందిరా పాయింటులో వున్నవి నాలుగు యిళ్ళు, 27 మంది మనుషులు.