బస్తర్ బిడ్డకు మాట నేర్పేదెవరు?

దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50.71 లక్షల మంది, మాట్లాడడంలో వైకల్యం ఉన్నవారు 19.98 లక్షల మంది అని 2011 జనాభా లెక్కలు వెల్లడించాయి. వీరికి చికిత్స చేసే అర్హత గల నిపుణుల సంఖ్య మాత్రం ఇప్పటికీ వేలలోనే ఉంది. ఆ కొద్దిమందీ ఎక్కువగా నగరాలలోనే స్థిరపడ్డారు. ఈ అంతరం దేశమంతటా ఉన్నదే అయినా, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో అది మరింత జటిలమైన రూపం దాల్చింది. అక్కడ కొరత కేవలం నిపుణులది కాదు, రోగి మాట్లాడే భాష తెలిసిన నిపుణులది. వాక్, భాషా చికిత్సా శాస్త్రంలో స్నాతకోత్తర విద్యకు విద్యార్థులు ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎలా ఎంపికవుతున్నారు అనే ప్రశ్నతో ఈ కొరత నేరుగా ముడిపడి ఉంది.

స్పీచ్ థెరపీ అనగానే నత్తిని పోగొట్టే విద్య అనే అభిప్రాయం సామాన్యుల్లో ఉంది. దాని పరిధి అంతకంటె చాలా విస్తృతమైనది. పుట్టు చెవుడు గల శిశువుకు మాటలు నేర్పడం, గ్రహణం మొర్రికి శస్త్రచికిత్స జరిగిన పిల్లల ఉచ్చారణను సరిదిద్దడం, పక్షవాతంతో మాట పడిపోయినవారికి తిరిగి మాట తెప్పించడం, మింగడంలోని ఇబ్బందులకు చికిత్స చేయడం, ఆటిజం ఉన్న పిల్లలకు సంభాషణ అలవరచడం అన్నీ ఈ శాస్త్రం కిందికే వస్తాయి. దీర్ఘకాలంగా మలేరియా పీడిస్తున్న బస్తర్‌లో దీని అవసరం ఇంకా ఎక్కువ. మెదడుకు సోకిన మలేరియా నుంచి ప్రాణాలతో బయటపడిన పిల్లల్లో కొందరికి మాటలో, జ్ఞాపకశక్తిలో లోపాలు మిగిలిపోతాయి. క్షయకు వాడే స్ట్రెప్టోమైసిన్ వంటి కొన్ని ఇంజెక్షన్లు వినికిడిని దెబ్బతీయగలవు. 2020లో ఆరంభమైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం ప్రాణనష్టాన్ని తగ్గించడానికి ఉద్దేశించినది. బతికి బయటపడిన బిడ్డకు పోయిన మాటను తిరిగి తెప్పించడం వేరే పని.

భాషే ఔషధమైన చోట

ఎముక విరిగితే కట్టు కట్టడానికి వైద్యునికి రోగి భాష రాకపోయినా పని జరుగుతుంది. వాక్ చికిత్సలో అది సాధ్యం కాదు. ఇక్కడ భాషే పరికరం, భాషే ఔషధం. అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటె పెద్దది. నేడు అది బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలుగా ఉంది. ఇక్కడి ప్రజలు హల్బీ, గోండీ, భత్రీ, ధుర్వా, దోర్లీ మాట్లాడతారు. భోపాలపట్నం, కొంటా ప్రాంతాలలో తెలుగు కూడా వినిపిస్తుంది. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, హల్బీ మాట్లాడేవారు 7.6 లక్షలకు పైగా ఉన్నారు.

గోండీ ద్రావిడ భాష, తెలుగుకు దగ్గరి చుట్టం. రండ్, మూండ్, నాలుంగ్ అని గోండులు అంకెలు లెక్కిస్తుంటే తెలుగువారికి అర్థం చెప్పనక్కరలేదు. ద్రావిడ భాషల దేశీ పదాలలో ఒత్తక్షరాలైన మహాప్రాణాలు ఉండవు. గోండు బాలుడు హిందీలో 'ఖానా' అనవలసిన చోట 'కానా' అంటే అది అతని మాతృభాష స్వభావమే తప్ప రోగం కాదు. ఆ సంగతి తెలియని పరీక్షకుడు దానిని ఉచ్చారణ దోషంగా నమోదు చేసే ప్రమాదం ఉంది. దీనికి తలకిందులైన ప్రమాదం మరింత తీవ్రమైనది. నిజంగా వినికిడి లేని పిల్లవాడిని, 'హిందీ రాదు కనుక మాట్లాడడం లేదు' అని ఉపాధ్యాయుడు వెనుక బెంచీలో కూర్చోబెడితే, చికిత్సకు అనువైన తొలి మూడు నాలుగేళ్లే కాక బడి వయసు కూడా జారిపోతుంది.

భాషాశాస్త్రజ్ఞులు బస్తర్‌ను ఏనాడో చేరుకున్నారు. ధుర్వాల పర్జీ భాషపై టి. బరో, సుధీభూషణ్ భట్టాచార్య రచించిన గ్రంథం 1953లోనే వెలువడింది. వారి వెనుక చికిత్సకులు నడవలేదు. తెలుగు విషయానికి వస్తే, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య దుగ్గిరాల వసంత వంటివారు పిల్లల భాషపై, వాగ్లోపాలపై పరిశోధనలు చేశారు. ఒక భాషలో పరీక్షలు తయారు కావాలంటే ఆ భాషను ఎరిగి, ఈ శాస్త్రంలో ఉన్నత విద్య అభ్యసించినవారు ఉండాలి. ఈ పని స్నాతకోత్తర స్థాయిలోనే సాగుతుంది.

నాలుగేళ్లు, ఆపై రెండేళ్లు

ఈ వృత్తిలోకి వచ్చే మార్గం ఇంటర్మీడియట్‌తో మొదలవుతుంది. విజ్ఞానశాస్త్ర పాఠ్యాంశాలతో ఇంటర్ ఉత్తీర్ణులైనవారు బి.ఏ.ఎస్.ఎల్.పి. అనే నాలుగేళ్ల డిగ్రీలో చేరవచ్చు. ఇందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత రెండేళ్ల స్నాతకోత్తర విద్య. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో శ్రవణశాస్త్రం, వాక్ భాషా శాస్త్రం వేర్వేరు ఎం.ఎస్‌సి. కోర్సులుగా ఉన్నాయి. కొన్ని ఇతర సంస్థలలో రెండూ కలిసిన ఎం.ఏ.ఎస్.ఎల్.పి. కోర్సు ఉంది. మైసూరు సంస్థ 1965లో, ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ 1983లో ఏర్పడ్డాయి. ముంబయి సంస్థకు సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. సికింద్రాబాద్‌లోనే స్వీకార్ అకాడమీ కూడా ఈ రంగంలో శిక్షణ ఇస్తున్నది.

1992 నాటి చట్టం కింద భారత పునరావాస మండలి గుర్తించిన సంస్థలో చదివి, మండలిలో పేరు నమోదు చేయించుకున్నవారికే చికిత్స చేసే అర్హత లభిస్తుంది. దరఖాస్తు చేసే ముందు ప్రతి విద్యార్థీ ఆ సంస్థకు, ఆ కోర్సుకు, ఆ విద్యా సంవత్సరానికి మండలి అనుమతి ఉన్నదా అని విచారించుకోవడం అత్యవసరం. అనుమతి లేని చోట చదివితే రుసుముతో పాటు ఆరేళ్ల కాలం కూడా వృథా అవుతుంది. పి.జి.కి దరఖాస్తు చేసేవారు ఇంటర్న్‌షిప్ గడువులోగా పూర్తయ్యేదీ లేనిదీ ముందే చూసుకోవాలి.

డిగ్రీతోనే ప్రాక్టీసుకు అర్హత వస్తుంది గదా, పి.జి. ఎందుకు అనే ప్రశ్న సహజం. కళాశాల పెట్టాలంటే పి.జి. చదివిన అధ్యాపకులు కావాలి. అధ్యాపకులు లేనిదే వెనుకబడిన ప్రాంతంలో కళాశాల రాదు. కళాశాల రానిదే అక్కడి విద్యార్థులకు ఈ చదువు ఒకటున్నదని తెలియదు. విద్యార్థులు రానిదే ఆ ప్రాంతం నుంచి అధ్యాపకులు తయారు కారు. బస్తర్ ఈ విషవలయంలో చిక్కుకొని ఉంది.

దరఖాస్తు దగ్గరే అడ్డంకులు

కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. అయితే ఆ సీటు దాకా రావాలంటే బస్తర్ విద్యార్థి అనేక మెట్లు ఎక్కాలి. 2005లో మొదలైన సల్వాజుడుం కాలపు హింసలో గ్రామాలు ఖాళీ అయ్యాయి, బడులు మూతపడ్డాయి. ఆ తర్వాత వెదురు తడికలతో, రేకులతో నిర్మించిన 'పోర్టా కేబిన్' వసతి పాఠశాలలు ఒక తరానికి చదువు అందించాయి. దంతెవాడలో 'ఛూ లో ఆస్మాన్' పేరిట గిరిజన విద్యార్థులకు సైన్సు శిక్షణ, జావంగా విద్యానగరిలో వికలాంగ బాలలకు 'సక్షమ్' పాఠశాల ఏర్పడడం ప్రశంసనీయం. కానీ సైన్సు శిక్షణ లక్ష్యం సాధారణంగా వైద్య, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలే. పక్కనే ఉన్న వికలాంగ బాలల పాఠశాలకు కావలసిన నిపుణులుగా కూడా ఆ విద్యార్థులే తయారు కాగలరన్న ఆలోచన విద్యా ప్రణాళికలలో చోటు చేసుకోలేదు.

రెండవ అడ్డంకి బోధనా భాష. ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, బడిలో హిందీ నేర్చిన విద్యార్థి మైసూరులోనో ముంబయిలోనో ఇంగ్లీషులో శరీరశాస్త్రం, ధ్వనిశాస్త్రం చదవాలి. మూడవది కుల ధ్రువీకరణ పత్రం. 1950 నాటికి నివాసం రుజువు చేసే పాత రికార్డులు చూపమంటే, ఊరే వదలి వచ్చిన కుటుంబం ఎక్కడి నుంచి తెస్తుంది?

సరిహద్దుకు ఇవతల

ఇది పరాయి రాష్ట్రపు సమస్య అని తెలుగువారు ఉపేక్షించడానికి వీలులేదు. సల్వాజుడుం కాలంలో వేలాది ఆదివాసీలు సరిహద్దు దాటి నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులలో తలదాచుకున్నారు. వీరిని గుత్తికోయలని పిలుస్తున్నాం. వీరి పిల్లలు తెలుగు మాధ్యమం బడులలో చేరుతున్నారు. భద్రాచలం, చింతూరు ప్రాంతాల ఉపాధ్యాయులకు హల్బీ, గోండీ రావడం అరుదు. ఉలకని పలకని బిడ్డకు చెవుడా, భయమా, భాష రాకపోవడమా అన్నది తేల్చగలవారు అక్కడా లేరు.

వలస వచ్చినవారికి కొత్త రాష్ట్రంలో గిరిజన హోదా దానంతట అదే సంక్రమించదు. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి మహారాష్ట్ర వైద్య కళాశాలలో గిరిజన కోటా సీటు కోరిన కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆనాడు తెలుగు విద్యార్థికి ఎదురైన ఆటంకమే నేడు తెలుగు నేలపై గుత్తికోయ బిడ్డకు ఎదురవుతున్నది. అయితే తండ్రి స్వరాష్ట్రంలో పొందిన ధ్రువపత్రం ఆధారంగా కేంద్ర సంస్థల రిజర్వేషన్‌ను కోరే వీలుంది. ఈ విషయం తెలిసి సహాయం చేసేవారు ఉంటే మైసూరు, ముంబయి ద్వారాలు వీరికి పూర్తిగా మూసుకుపోలేదు.

అమెరికా చెప్పే పాఠం

ఈ చదువుకు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులూ ఉన్నారు. అక్కడ మాస్టర్స్ డిగ్రీయే వృత్తికి ప్రధాన ద్వారం. అనేక విశ్వవిద్యాలయాలు ఒకే ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ ద్వారా అభ్యర్థులను స్వీకరిస్తాయి. అమెరికన్ వాక్ భాషా శ్రవణ సంఘం ధ్రువీకరణకు 25 గంటల పరిశీలనతో కలిపి 400 గంటల చికిత్సానుభవం, ప్రాక్సిస్ పరీక్ష, ఆ తర్వాత కనీసం 36 వారాల పర్యవేక్షిత ఉద్యోగం అవసరం. జీవశాస్త్రం, భౌతిక లేదా రసాయన శాస్త్రం, సంఖ్యాశాస్త్రం, సామాజిక శాస్త్రాలలో పునాది కూడా చూపాలి.

ఈ నిబంధనల కంటె మనం గమనించవలసినది మరొకటి ఉంది. ఏ మాండలికమూ దానంతట అది వాగ్లోపం కాదని ఆ సంఘం 1983లోనే అధికారికంగా ప్రకటించింది. అక్కడ పలు విశ్వవిద్యాలయాలు మార్కులతో పాటు అభ్యర్థికి మరో భాష వచ్చునా, సేవానుభవం ఉన్నదా అని కూడా చూస్తున్నాయి. గోండీ రావడం మన ప్రవేశ పరీక్షలో ఒక్క మార్కు కూడా తేదు. జగదల్‌పూర్ ఆసుపత్రిలో అదే అన్నిటికంటె విలువైన అర్హత.

చేయవలసినదేమిటి?

చట్టాల కొరత మనకు లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు చెవుడును, మాటలు ఆలస్యం కావడాన్ని గుర్తించాలని చెప్పింది. జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రంలో వాక్ చికిత్సకుని పదవిని కూడా పొందుపరచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాక్ భాషా వైకల్యాన్ని 21 వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. పదవి కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు, దానిలో కూర్చునే మనిషి తయారు కావాలి.

మొదటిది, జగదల్‌పూర్‌లో 2006లో ఏర్పడిన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ముందు ఏడాది డిప్లొమా, క్రమంగా డిగ్రీ కోర్సు ప్రారంభించే అవకాశాన్ని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పరిశీలించాలి. రెండవది, గిరిజన భాషలు మాట్లాడే విద్యార్థులకు జాతీయ సంస్థలలో అదనపు సీట్లు, పూర్తి ఉపకార వేతనం, ఇంగ్లీషులో ఒక ఏడాది సన్నాహక శిక్షణ కల్పించి, చదువు ముగిశాక కొన్నేళ్లు స్వప్రాంతంలో పనిచేసే షరతు విధించవచ్చు. మూడవది, స్నాతకోత్తర పరిశోధనలలో గోండీ, హల్బీ, కోయ భాషలలో పరీక్షా సాధనాల రూపకల్పనకు ప్రాధాన్యం ఇవ్వాలి.

దీనివల్ల ప్రతిభ దెబ్బతింటుందని కొందరు అనవచ్చు. రోగి మాట అర్థం కాని చికిత్సకుని ప్రతిభ రోగికి ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది ఆలోచించవలసిన విషయం. షరతు పెడితే గిరిజన విద్యార్థి కొండల్లోనే ఉండిపోవాలా అనే ఆక్షేపణ మాత్రం న్యాయమైనదే. అందుచేత ఆ గడువు పరిమితంగా ఉండాలి, జీతం నగర ఉద్యోగానికి తీసిపోకూడదు. నలుగురైదుగురు నిపుణులు 7 జిల్లాలకు ఏం సరిపోతారన్న సందేహమూ ఉంది. 2002లోనే మితానిన్ పేరిట గ్రామీణ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థను ప్రారంభించిన రాష్ట్రం ఛత్తీస్‌గఢ్. చప్పట్లకు తల తిప్పని శిశువును గుర్తించడం ఆ మహిళలకు నేర్పవచ్చు. నేర్పేవారికి వారి భాష రావాలి.

చెవిటి బిడ్డకు లక్షల రూపాయల కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడానికి ప్రభుత్వాలు నేడు నిధులు ఇస్తున్నాయి. ఆ పరికరం శబ్దాన్ని వినిపించగలదే గాని మాటను నేర్పలేదు. శస్త్రచికిత్స తర్వాత నెలల తరబడి, ఏళ్ల తరబడి తల్లి భాషలో సాగే శిక్షణే దానిని మాటగా మారుస్తుంది. ఆ శిక్షణ ఇచ్చే మనిషిని తయారు చేయడానికి నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల పి.జి. కలిపి ఆరేళ్లు పడుతుంది. నేడు బస్తర్‌లో పుట్టిన బిడ్డకు ఆరేళ్ల వయసు వచ్చేసరికి ఆ నిపుణుడు సిద్ధంగా ఉండాలంటే, ఈ ఏడాది ప్రవేశాల జాబితాలోనే కొండగావ్ నుంచో కొంటా నుంచో ఒక పేరు కనిపించాలి.