వాగులో కలిసిన మందు

జహీరాబాద్ పల్లెల్లో బర్రెకు జబ్బు చేస్తే కూలి కుటుంబానికి పాలు పోతాయి, అప్పు మిగులుతుంది. సూది వేస్తే తగ్గుతుందన్న ధైర్యమొక్కటే దిక్కు. ఆ ధైర్యానికే ముప్పొచ్చింది.

మన జిల్లాలోనే, ఇదే బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు ఉంది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో వెల్లడించారు. మనుషులకిచ్చే మందే అది! గొడ్లకు వేసే ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా ఆ జాతిదే. అలాంటి నీళ్లలో చావగా మిగిలిన క్రిములు మందుకు లొంగవు; ఆ మొండితనాన్ని తోటి క్రిములకూ అంటిస్తాయి. ఆ వాగు మన ఊరికి పారకపోవచ్చు. మొండి క్రిమి మాత్రం సంత గొడ్డుతో, బస్సెక్కిన మనిషితో వస్తుంది.

పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. మంచిదే. కాని కంపెనీల మురుగులో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడతామని 2020లో ముసాయిదా తెచ్చి, 2021 తుది నిబంధనల్లో వాటిని ఎత్తేసింది. ఎవరి మేలు కోసం?

సూదులు ఎక్కువ వేయిస్తున్నాడని రైతును తప్పుపట్టేవారు వాగులోకి మందు వదిలినవాణ్ణి ఎందుకు అడగరు? మురుగుకు గట్టి హద్దులు పెట్టాలి. వాగునీటి పరీక్షల ఫలితాలను పంచాయతీ గోడమీద రాయాలి. గొడ్ల డాక్టరు పల్లెకు అందుబాటులో ఉండాలి. కూలీలు, రైతులు కలిసి ఇది అడిగి సాధించుకోవాలని మేము కోరుతున్నాము.