బొమ్మనిచ్చిన బావమరిది

ఏలూరు నుంచి ఓ కాలేజీ కుర్రాడి ఉత్తరం. ‘సూపర్ హీరోల జట్టును లోపలివాళ్లే విలన్లకు పట్టించే కథలు అమెరికా వాళ్లకేనా? మనకు లేవా గురువుగారూ?’ అని.

లేకేం నాయనా! మీ ప్రాంతం వాళ్లిద్దరు చేరి చేసిన నిర్వాకాన్నే మరిచిపోతే ఎలా?

1951 మార్చి 15న విడుదలైన విజయా వారి ‘పాతాళ భైరవి’ చూశావు కదా. తోటరాముడు సూపర్ హీరో కాక మరేమిటి? ధైర్యం సొంతం, మహిమ బొమ్మది. తోడు అంజిగాడు. ఎదుట నేపాళ మాంత్రికుడు, అంటే నూజివీడులో పుట్టిన మన ఎస్.వి. రంగారావు. (నూజివీడు అప్పుడు కృష్ణా జిల్లా. 2022 నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. కనుక ఇక మీవాడే!) సినిమా వచ్చేనాటికి ఆయనకు 32 ఏళ్లంటే నమ్ముతావా?

బొమ్మ లోపల, మాంత్రికుడు బయట. లోపలివాడొకడు దొరకాలి. దొరికాడు, రాజుగారి బావమరిది శూరసేనుడు. ఇందుమతి మీద ఆశ చావని వెర్రిబాగులవాడు. ఆ ఆశనే ఎరగా వేసి మాంత్రికుడు బొమ్మ తెప్పించుకున్నాడు. రాముడి వైభవం కాస్తా హుళక్కి, రాకుమారి మాయం!

ఆ శూరసేనుడెవరు? రేలంగి! తాడేపల్లిగూడెంలో సొంత సినిమా హాలు కట్టించి, 1970లో పద్మశ్రీ అందుకుని, 1975లో ఆ ఊళ్లోనే కన్నుమూసిన రేలంగి వెంకట్రామయ్య. దర్శకుడు కె.వి. రెడ్డిగారి గడుసుతనమంతా ఇక్కడే ఉంది. ద్రోహి వేషం ఓ కోరమీసాలవాడికి ఇచ్చి ఉంటే మనం మొదటి రీలులోనే పసిగట్టేవాళ్లం. నవ్వించేవాణ్ణి ఎవరనుమానిస్తారు చెప్పు?

అమెరికా వాళ్ల పద్ధతి వేరు. 1984లో టీన్ టైటన్స్ అనే కుర్ర హీరోల బొమ్మల కథలో టెర్రా అనే పదహారేళ్ల పిల్ల జట్టులో చేరి, వాళ్ల గుట్టంతా డెత్‌స్ట్రోక్‌కు చేరవేసింది. అతగాడు ఆ కుర్రాళ్లను పట్టి ‘హైవ్’ అనే దుష్టుల ముఠాకు అప్పగించాడు. జట్టులో ఓ కుర్రాడు ఆ పిల్లకు మనసిచ్చాడు కూడా, పాపం! ఆమెను ద్రోహిగానే పుట్టించాలని రచయిత వుల్ఫ్‌మన్, చిత్రకారుడు పెరెజ్ ముందే అనుకున్నారట. చివరికి తను లేపిన రాళ్లకిందే ఆమె నలిగిపోయింది. క్షమాపణ లేదు, కన్నీళ్లే.

మరి మన శూరసేనుడి మీద ఎవరికైనా కోపం వచ్చిందా? రాలేదు. నాకు మాత్రం వచ్చింది, ఇప్పటికీ ఉంది. చెడగొట్టినవాడు నవ్వించాడని వదిలేస్తామా?

చిన్నప్పుడు కొల్లేటి పక్కన ఓ పల్లెలో, టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద ఈ సినిమా చూశాను. శూరసేనుడు బొమ్మ పట్టుకెళుతుంటే ‘ఇవ్వకురా, ఇవ్వకురా!’ అని హాలంతా ఒకటే కేకలు. ఇంతలో తెరమీద రేలంగి మొహం కనబడింది. అంతే, ఆ కేకలు వేసినవాళ్లే పగలబడి నవ్వారు.

నా పక్కనున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. ‘ఇంట్లోవాడే కదరా’ అంటూ చుట్ట ఆర్పేశాడు.