పసుపు రైతులును నాయకుల కార్లును

మా ఆర్మూరు ప్రాంతమున పసుపు చేతికి వచ్చుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. నాయకుల కార్లు వచ్చుటకు ఐదేండ్లు పట్టును.

2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు 185 మంది పోటీచేసిరి. అందు 170కి పైగా రైతులే. గిట్టుబాటు ధరయు, పసుపు బోర్డును వారి కోరికలు. ఒక్కొక్క పోలింగు కేంద్రమున మీటలుగల ఓటుపెట్టెలు 12 నిలుపవలసి వచ్చెను. రైతులు ధరావతు పోగొట్టుకొనిరి గాని, వారి మాట దేశమంతయు వినబడెను. 2025 జనవరి 14న నిజామాబాదులో బోర్డు ప్రారంభమయ్యెను.

సంతోషమే. అయినను, పలక కొన్నంతనే చదువు వచ్చునా? బోర్డు వచ్చినంతనే ధర వచ్చినదని మేము నమ్మము.

బాలలారా, నాయకుని కారును చూచి కొలువకుడు. ఎన్నికల పిదప ఆ కారు మార్కెట్టు యార్డునకు ఎన్నిమారులు వచ్చెనో లెక్కింపుడు.