పాత గోడలు, కొత్త గొంతులు

ఢిల్లీలోని కరోల్ బాగ్ సందులలో నేటికీ కొన్ని పాత ఇళ్లు నిలిచి ఉన్నాయి. అడుగుకు మించిన మందం గల ఇటుక గోడలు, ఇనుప గర్డర్ల మీద పరచిన రాతి పలకల కప్పు, కప్పుకు చేరువగా గాలీ వెలుతురూ రావడానికి వదలిన చిన్న గవాక్షాలు వాటి ఆనవాళ్లు. ఆ గవాక్షాలను అక్కడివారు రోషన్‌దాన్‌లంటారు. స్వాతంత్ర్యానికి ముందూ వెనుకా కేంద్ర ప్రభుత్వ కొలువులకు తరలివచ్చిన దక్షిణాది కుటుంబాలు అనేకం ఈ పేటలోనే కాపురాలు పెట్టాయి.

అట్టి ఇంట్లో ఎనభై ఏళ్లు దాటిన ఒక తల్లి ఉన్నదనుకుందాం. మోకాళ్ల నొప్పులవల్ల ఆమె వెనుక గది విడిచి ముందు హాలుకు రావడం రోజుకు ఒక్కసారే. కుమారుడు హాలులో మంచి స్టీరియో అమర్చుకున్నాడు. సాయంకాలం అందరూ అక్కడ చేరి కచేరీ వింటారు. వెనుక గదికి చేరేది మాత్రం పాట కాదు, పాట తాలూకు రొద. “అబ్బాయీ, ఆ పాటేదో కాస్త ఇటు కూడా పంపించరాదుట్రా!” అని ఆమె అడిగింది.

కోరిక చిన్నదే. మరునాడు ఎలక్ట్రీషియను ఉలీ సుత్తీ పట్టుకొని వచ్చాడు. మొదటి దెబ్బకే పళ్లెమంత సున్నపు గార ఊడి నేల మీద పడింది. రెండవ దెబ్బకు ఇటుకల మధ్య నుంచి ఎర్రని పొడి జలజల రాలింది. మూడవ దెబ్బ వేయడానికి అతడికే చేయి రాలేదు. గోడను గాయపరచకుండా గొంతును గది దాటించడం ఎట్లా అన్న ప్రశ్న అక్కడ పుట్టింది. పాత ఇళ్లలో నివసించే వేలాది గృహస్థులకు ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్నే ఇది.

ముంగిలే తీగ అయిన రోజులు

షాజహాన్ చక్రవర్తి 1639లో పునాది వేయించిన షాజహానాబాద్ నగరంలో హవేలీలు నడిమి ముంగిలి చుట్టూ కట్టబడ్డాయి. పలుచని లఖోరీ ఇటుకలను సున్నం, సుర్ఖీ కలిపిన అడుసుతో పేర్చి గోడలు లేపారు. గదులన్నీ ముంగిలిలోకే తెరుచుకునేవి. అక్కడ ఎవరైనా పాడితే అన్ని గదులవారూ వినేవారు. ఆ ఇళ్లకు ముంగిలే తీగ, ముంగిలే ధ్వనివర్ధకం.

ఢిల్లీ రేడియో కేంద్రం 1936 జనవరి 1న ప్రసారాలు మొదలుపెట్టింది. తరువాతి దశాబ్దాలలో ఇంటికొక రేడియో పెట్టె వచ్చింది. మేడమీద వెదురుబొంగులకు కట్టిన ఏరియల్ తీగ, తపాలా కార్యాలయంలో ఏటేటా కట్టే లైసెన్సు రుసుము ఆనాటివారికి గుర్తుండే ఉంటాయి. వసారాలో అలమర మీద పెట్టిన ఆ ఒక్క పెట్టె ఇంటిల్లిపాదికీ సరిపోయేది. ఢిల్లీ నుంచి తెలుగులో వార్తలు వెలువడే వేళకు వంటింట్లోని ఇల్లాలు కూడా చేతిలో గరిటె ఆపి వినేది.

కాలక్రమాన అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ముంగిళ్ల నడుమ గోడలు లేచాయి. మిగిలిన చోట్ల ముంగిలికే కప్పు వేసి గదులు చేసుకున్నారు. ధ్వనికి ఉన్న సహజమైన దారి మూసుకుపోయింది. నేటి నోయిడా, గురుగ్రామ్ ఫ్లాట్లలో గోడలతోపాటే గొట్టాలు పూడ్చి ఉంచుతారు గనుక తరువాత తీగ లాగడం సులభం. పాత ఇంటికి ఆ అవకాశం లేదు.

గోడను ఎందుకు తొలచరాదు?

పాత ఇంటి గోడ గదులను విడదీసే తెర మాత్రమే కాదు. పైకప్పు బరువంతా దానిమీదే ఉంటుంది. కాంక్రీటు స్తంభాల ఇంట్లో ఒక గోడను చెక్కినా కట్టడం నిలుస్తుంది. బరువు మోసే గోడ విషయం వేరు. ఇటుక కట్టడాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ప్రకారం నిలువుగా తొలిచే గాడి గోడ మందంలో మూడో వంతును, అడ్డంగా తొలిచేది ఆరో వంతును మించరాదు. అడ్డపు గాడి గోడను కోసినట్లే అవుతుంది గనుకనే ఈ కట్టడి. స్పీకరు తీగ ఒక గది నుంచి మరొక గదికి పోవలసినది సాధారణంగా అడ్డంగానే. భూకంప పటంలో చాలాకాలంగా నాల్గవ మండలంలో ఉన్న ఢిల్లీలో ఈ జాగ్రత్తను ఛాందసమని తోసిపుచ్చడానికి వీలులేదు.

మరొక చిక్కు కూడా ఉంది. గాడిని పూడ్చడానికి మేస్త్రీలు సిమెంటు వాడతారు. సున్నపు గార తేమను పీల్చి మళ్లీ గాలిలోకి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కిన తేమ పక్కనున్న సున్నాన్ని ఉబ్బించి, ఉప్పు పూయించి, క్రమంగా రాల్చివేస్తుంది. తప్పనిసరిగా పూడ్చవలసివస్తే సున్నంతోనే పూడ్చాలి. వారసత్వ కట్టడాల జాబితాలో చేరిన హవేలీలలో నిర్మాణం జోలికి పోవాలంటే ముందు అనుమతి కావాలి. లోదీ కాలనీ వంటి ప్రభుత్వ క్వార్టర్లలోనూ, అద్దె ఇళ్లలోనూ గోడ మనది కాదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తీగ లేని స్పీకరుకూ తీగ కావాలి

“ఇప్పుడు తీగలెందుకు, బ్లూటూత్ ఉంది కదా” అనేవారున్నారు. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు మారుపేరును తగిలించుకున్న ఈ పద్ధతిని 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా సంస్థలు కలసి లోకానికి ప్రకటించాయి. సాధారణ పరికరాలలో దీని అందుబాటు సుమారు 10 మీటర్లని చెబుతారు. అది అడ్డులేని చోట మాట. నడుమ అడుగున్నర ఇటుక గోడ నిలబడితే అందులో సగం కూడా దక్కకపోవచ్చు. తేమ పట్టిన గోడ రేడియో తరంగాలను మరింత మింగివేస్తుంది. ఇనుప గర్డర్లు వాటిని దారి మళ్లిస్తాయి.

వై-ఫై స్పీకర్లు కొంత నయం. వాటిలోనూ 5 గిగాహెర్ట్జ్ తరంగాలకంటె 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే గోడలను మెరుగ్గా దాటుతాయి. రౌటరును హాలు మూలలో కాక, గుమ్మాలు ఎదురెదురుగా ఉన్న చోట ఎత్తుగా పెడితే తరంగాలు గోడను కాక ద్వారాన్ని ఆశ్రయించి పోతాయి.

ఆలస్యం మరొక దోషం. బ్లూటూత్ ద్వారా పోయే ధ్వని సెకనులో పదోవంతో రెండు వంతులో వెనుకబడవచ్చు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే రెండు పదోవంతుల ఆలస్యం 68 మీటర్ల దూరం నుంచి వచ్చే పాటతో సమానం. హాలులో ఒక స్పీకరు తీగతోనూ వెనుక గదిలో మరొకటి బ్లూటూత్‌తోనూ పాడితే నడవలో నిలుచున్నవారికి ఒకే పాట రెండుసార్లు వినిపిస్తుంది. అన్ని గదులకూ ఒకే పద్ధతి స్పీకర్లు వాడి, వాటిని జతపరచడమే దీనికి విరుగుడు.

ఇంతకూ, తీగ లేని స్పీకరును సైతం కరెంటు ప్లగ్గుకు తగిలించాలి. బ్యాటరీతో నడిచేదైతే ప్రతి రెండు మూడు రోజులకూ చార్జి చేయాలి. ఎనభై ఏళ్ల తల్లి ఆ పని చేయగలదా అన్నది ముందుగా ఆలోచించవలసిన విషయం.

తీగకు దారి ఉంది

పాత ఇంటిని ఓపికగా పరికిస్తే అది తన దారులు తానే చూపుతుంది. అన్నిటికంటె మేలైనది రోషన్‌దాన్. గదికీ గదికీ నడుమ గవాక్షం ఉన్నచోట గోడకు ఒక్క రంధ్రమైనా వేయకుండా తీగను దాటించవచ్చు. పాత బంగళాలలో వాడుక తప్పిన చలిమంట గూళ్లూ, వాటి పొగగొట్టాలూ మేడమీది గదులకు దారి చూపుతాయి. గుమ్మపు చట్రం అంచు, నేల చుట్టూ సాగే పట్టీ, పాత కాలింగ్ బెల్ తీగ పోయిన దారి కూడా పనికివస్తాయి.

గోడ మీదుగానే పోవలసివస్తే మన పెద్దలు పాటించిన పద్ధతి ఉండనే ఉంది. టేకు పట్టీలమీద తీగలను వరుసగా క్లిప్పులతో బిగించేవారు. గాడి చెక్కిన చెక్కలో తీగ ఉంచి పైన మూత వేసేవారు. నేడు ఆ చెక్కకు బదులు ప్లాస్టిక్ పట్టీ దొరుకుతున్నది. గోడ రంగే దానికీ వేస్తే రెండు రోజులలో కంటికి ఆనదు. మేకులు ఇటుకలోకి కాక, ఇటుకల నడుమ సున్నపు అతుకులోకి దించితే రేపు తీసివేసినా గోడకు గాయం మిగలదు.

తీగ ఎంచడంలో చిన్న లెక్క ఉంది. తీగ నిరోధం స్పీకరు నిరోధంలో నూటికి 5 వంతులు మించకుండా చూడాలి. స్పీకరు 8 ఓములదైతే తీగ 0.4 ఓము దాటరాదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకు మీటరుకు సుమారు 0.017 ఓము నిరోధం ఉంటుంది. హాలు నుంచి వెనుక గదికి 15 మీటర్లయితే పోవడానికీ రావడానికీ కలిపి 30 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే నిరోధం 0.35 ఓముకు లోపే ఉంటుంది. బజారులో చవకగా దొరికే అర చదరపు మిల్లీమీటరు తీగ వాడితే ఒక ఓము దాటుతుంది. స్పీకరు 4 ఓములదైతే అదే తీగతో సగం దూరమే పోగలం. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే ఆంప్లిఫయరుకు అవి 4 ఓములుగా కనబడతాయి. అది తట్టుకోగలదో లేదో దాని వెనుక ముద్రించిన అంకెలు చూసి తెలుసుకోవాలి.

స్పీకరు తీగను కరెంటు తీగతో కలిపి ఒకే పట్టీలో పోనివ్వరాదు. కలిపితే గుయ్యిమనే రొద ఎక్కుతుంది. అంతకంటె ముఖ్యం, కరెంటు తీగ తొడుగు చిరిగితే ఆ విద్యుత్తు స్పీకరు దాకా పాకే ప్రమాదం ఉంది. రెండూ ఎదురుపడక తప్పనిచోట అడ్డంగా దాటించాలి.

ముందు ప్రాణం, తరువాత గానం

పాత ఇళ్లలో రెండు రంధ్రాల ప్లగ్గులు ఇంకా కనిపిస్తాయి. వాటికి ఎర్త్ ఉండదు. తీగలపై రబ్బరు తొడుగు పెళుసెక్కి వేలితో తాకితే రాలిపోతుంది. అట్టి ప్లగ్గుకు పొడిగింపు తీగ తగిలించి దానిమీద ఆంప్లిఫయరు, రౌటరు, హీటరు వరుసగా తగిలించడం ఆపదను చేతులారా పిలవడమే. కొత్త స్పీకరు కొనక మునుపు ఎర్త్ పరీక్ష చేయించాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెగగొట్టే బ్రేకరు అమర్చాలి. ఇది తెలిసిన ఎలక్ట్రీషియను చేయవలసిన పని. ఈ ఖర్చుకు వెనుదీసేవారు స్పీకరు ఖర్చును మరో ఏడాదికి వాయిదా వేయడం మంచిది.

పెద్ద శబ్దం కాదు, దగ్గరి శబ్దం

చివరికి స్పీకరు వెనుక గదికి చేరిందనుకుందాం. అయినా తల్లి “మాట తెలియడం లేదు నాయనా” అనవచ్చు. వయస్సుతోపాటు చెవి మొదట కోల్పోయేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను. స, శ, త, ప వంటి హల్లులను ఒకదానినుంచి ఒకటి వేరుపరచేది ఆ ధ్వనులే. శబ్దం పెంచితే మోత పెరుగుతుంది గాని మాట స్పష్టపడదు.

గది స్వభావం దీనికి తోడవుతుంది. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మాటలు అర్థంకాని ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని వాలెస్ సబైన్ అనే యువ ఆచార్యునికి అప్పగించారు. ఆయన రాత్రివేళల్లో పక్క నాటకశాల నుంచి కుర్చీ దిండ్లు మోయించి తెచ్చి, ఎన్ని దిండ్లు పరిస్తే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆ సూత్రాన్ని మన గదికి అన్వయించి చూడవచ్చు. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 80 ఘనపు మీటర్లు. సున్నపు గోడలు, రాతి నేల కలిసి 4 చదరపు మీటర్ల పాటి ధ్వనిని మాత్రమే పీల్చుకుంటే శబ్దం అణగడానికి 3 సెకన్లు దాటుతుంది. మంచం, పరుపు, తివాచీ, మందపు తెరలు చేరి అది 13కు పెరిగితే ఒక్క సెకను చాలు.

కనుక ఆమె గదిలో పెద్ద స్పీకరు అక్కరలేదు. చిన్నదే తలగడకు మూడు నాలుగు అడుగుల దూరంలో, చెవి ఎత్తున, ఆమె వైపు తిప్పి పెట్టాలి. నేలమీద తివాచీ, ఎదుటి గోడకు తెర ఉంటే చాలు. తక్కువ శబ్దంతోనే మాట విడివిడిగా తెలుస్తుంది.

ఇందులో పొరుగువారికీ మేలుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. గోడకు గోడ ఆనుకొని ఉండే పాత పేటలలో హాలులోని ఒక్క స్పీకరును హెచ్చించి ఇల్లంతా వినిపించాలనుకుంటే ముందుగా వినేది పక్కింటివారే.

కడపట ఒక చిన్న ఏర్పాటు మరువరాదు. శబ్దం హెచ్చించే, తగ్గించే బొత్తాము ఆ తల్లి చేతికి అందేచోట ఉండాలి. పాట వద్దనుకున్నప్పుడు ఆపుకునే స్వేచ్ఛ కూడా ఆమెదే కావాలి. రోషన్‌దాన్ గుండా వచ్చిన ఒక సన్నని తీగ, సున్నపు అతుకులో దిగిన నాలుగు మేకులు, మంచం పక్కన ఒక చిన్న పెట్టె. గోడ చెక్కుచెదరలేదు. సాయంకాలం హాలులో తంబూరా మీటినప్పుడు వెనుక గదిలో ఆమె వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తాయి.