కొరియా సార్లకు సంగటి పెట్టేదానికి నామోషీ ఎందుకప్పా?

2025 మేలో మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఎల్జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసినారు. పెట్టుబడి 5,001 కోట్లని చెప్పినారు. అంతకు ముందే, 2019లో, పెనుకొండ తావ కియా కార్లు బయటికొచ్చినాయి. ఆ పక్క కొరియా అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్లు గూడా వచ్చేసినాయి. ఇప్పుడు ఆ గాలి సత్యవేడు, వరదయ్యపాళెం పక్కకు తిరిగింది. భూముల గురించి, ఉద్యోగాల గురించి అందరూ మాట్లాడతానే ఉండారు. నేను అన్నం గురించి మాట్లాడతా. నవ్వబాకండి, ఇది గూడా ఉద్యోగం సంగతే.

ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లకాయలకు మిషను ఎట్ల నడపాలో నేర్పిస్తారు. కొరియా సారును తిరుపతిలో హోటలుకు పిల్చుకొని పోవాల్సొస్తే ఎట్ల నడుచుకోవాలో ఎవురూ చెప్పరు. తెలీనోడు ఏం చేస్తాడు? సంగటి పెడితే నామోషీ అనుకొని, పెద్ద ఏసీ హోటల్లో నూడుల్స్, మంచూరియా చెప్తాడు. అవి మనవీ కావు, వాళ్లవీ కావు. జేబుకు మాత్రం చిల్లు పడతాది.

నిజానికి వాళ్ల మర్యాద మనకు కొత్తేమీ కాదు. కొరియా వాళ్లు ఎదురుపడితే 'బప్ మొగొస్సొయో' అని పలకరిస్తారు. అన్నం తింటివా అని అర్థం. మన అవ్వ అడిగేదీ అదే కదా! పెద్దోళ్లు స్పూను పట్టినాకనే చిన్నోళ్లు మొదలు పెడతారు. ఏదైనా ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు రెండు చేతులు వాడతారు, మనం గుళ్లో ప్రసాదం పట్టినట్టు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి వదలరు. అది చచ్చిపోయినోళ్లకు పెట్టే కూడు లెక్క. పిండం పెట్టే మనకు ఇది విడమరిచి చెప్పాల్నా?

తేడా వచ్చేది ఎంగిలి కాడ. వాళ్లు కూర గిన్నె నడిమధ్యలో పెట్టుకొని, ఎవురి స్పూనుతో వాళ్లు అందులోనే తీసుకుంటారు. వాళ్లకు అది కలిసి తినేదానికి గుర్తు. మనకేమో ఒళ్లు జలదరిస్తాది. మనం కుడిచేత్తో తింటా, ఎంగిలి కాకూడదని ఎడంచేత్తో గరిటె పట్టి వడ్డిస్తాం. మనకది శుభ్రం. వాళ్లకేమో ఒంటిచేత్తో, అందులోనూ ఎడంచేత్తో ఇస్తే లెక్కలేనట్టు కనపడతాది. ఇద్దరి తప్పూ లేదు, ఇద్దరికీ తెలీదు, అంతే. దీనికి మందు చిన్నదే. వడ్డించే అబ్బాయికి ముందే చెప్పి, ఎవురి కూర వాళ్లకు వేరే గిన్నెలో పెట్టించండి. 'మా దాంట్లో ఎంగిలి అని ఒకటుంది సార్' అని నవ్వతా చెప్పండి. ఆయనకు మనల్ని తెలుసుకునే దోవ దొరుకుతాది.

రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి పెట్టండి. కారానికి వాళ్లేం భయపడరు, వాళ్ల కిమ్చీలో ఎక్కువగా మిరపపొడి ఉంటాది. చేత్తో తినేది అలవాటుండదు, కాబట్టి స్పూను తెప్పించి పెట్టండి. సంగటి ముద్ద ఎట్ల తుంచాలో, పులుసులో ఎట్ల అద్దాలో చూపించండి. కొండ మీదికి పిల్చుకొని పోతే, మాంసం, మందు ఆడ కుదరవని కిందనే చెప్పేయండి.

బిల్లు యవ్వారం గూడా తెలుసుకోవాల. పిలిచినోళ్లో, పెద్దోళ్లో కట్టేది వాళ్ల వాడుక. సారే పిలిచింటే, బిల్లు కోసం పెనుగులాడబాకండి. తిన్నాక కాఫీ మీరు ఇప్పించండి, చాలు.

ఇంక మందు. కొరియాలో ఆఫీసోళ్లంతా కలిసి తిని తాగే అలవాటు పాతది. పక్కోడి గ్లాసు మనం నింపాల, మన గ్లాసు ఇంకొకరు నింపాల. పెద్దాయన ముందర తాగేటప్పుడు చిన్నోళ్లు మొగం పక్కకు తిప్పుకుంటారు. తాగని పిల్లోడు ఇదంతా చూసి, కాదంటే ఉద్యోగం పోతాదేమో అని భయపడతాడు. భయపడే పని లేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకొని, సోడానో కూల్‌డ్రింకో పోయించుకొని, 'నేను తాగను సార్' అంటే మర్యాదకేం లోటు రాదు. వాళ్ల దేశంలోనే 2019 జూలైలో పనికాడ వేధింపుల మీద చట్టం అమల్లోకొచ్చింది. ఇష్టం లేనోళ్ల చేత బలవంతంగా తాగించేది గూడా వేధింపే అని వాళ్ల కార్మిక శాఖే చెప్తా ఉంది. ఆడ తప్పయింది ఈడ మర్యాద ఎట్లయితాది?

నేర్చుకోవాల్సింది మన పిల్లకాయలొక్కరే కాదు. మన నీళ్లు, మన నేల, మన చేతుల కష్టం వాడుకునే కంపెనీలు మన ఎంగిలి, మన చేతికూడు, మన శనివారం ఒక్కపొద్దు ఏందో వాళ్ల సార్లకు చెప్పాల. స్కిల్ ట్రైనింగ్ ఇచ్చే చోట ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక పూట పాఠం చెప్తే, ఒక పూట భోజనం పెడితే, పొయ్యేదేముంది? వంగి దండం పెట్టేది వాళ్లకూ తెలుసు, మనకూ తెలుసు. ఒకరే వంగతా ఉంటే అది మర్యాద కాదు, ఊడిగం.