బోత్, ఐదర్, నైదర్



ఇంగ్లీషులో ఇద్దరిని గురించి గాని, రెండు వస్తువులను గురించి గాని మాట్లాడేటప్పుడు మాత్రమే వాడే మాటలు మూడున్నాయి. అవి బోత్, ఐదర్, నైదర్. పిల్లలు వీటిని పరీక్ష కోసం కంఠతా పట్టి, పరీక్ష కాగానే మరచిపోతారు. అయితే ఈ మాటల పని బడితో తీరిపోదు. వీటిలో ఒకటి మన ఇంటి పెట్టెలోని బ్యాంకు పాసుపుస్తకంలో కూడా ఉంటుంది. కాబట్టి ఈ నెల తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఈ పేజీ చదవాలని కోరుతున్నాను.

మొదట అర్థాలు చూద్దాం. బోత్ అంటే ఇద్దరూ, లేక రెండూ. ఐదర్ అంటే ఇద్దరిలో ఎవరైనా ఒకరు, రెంటిలో ఏదైనా ఒకటి. నైదర్ అంటే ఇద్దరిలో ఏ ఒక్కరూ కాదు, రెంటిలో ఏదీ కాదు. వీటిని ఈదర్, నీదర్ అని పలికేవారూ ఉన్నారు. రెండు విధాలూ సరైనవే. ముగ్గురు గాని అంతకంటే ఎక్కువమంది గాని ఉంటే ఈ మాటలు పనికిరావు. అప్పుడు ఆల్, ఎనీ, నన్ అనాలి.

ఇద్దరికొక మాట, ముగ్గురికి వేరొక మాట ఏమిటని పిల్లలు అడగవచ్చు. మన తెలుగులోనూ ఇటువంటిది ఉంది. ఇద్దరు పిల్లలుంటే తల్లి "చెరొక రొట్టె తీసుకోండి" అంటుంది. ముగ్గురుంటే "తలా ఒక రొట్టె" అంటుంది. ముగ్గురికి చెరొకటి అని మన పల్లెల్లో ఎవరూ అనరు. ఈ ఒక్క పోలిక చెబితే చాలు, పిల్లలకు పాఠం సగం వచ్చినట్లే.

ఇక వ్యాకరణం. బోత్ తర్వాత బహువచనం రావాలి: బోత్ బాయ్స్ ఆర్ హియర్. ఐదర్, నైదర్ తర్వాత ఏకవచనం రావాలి: నైదర్ బాయ్ ఈజ్ హియర్. నైదర్‌లోనే 'కాదు' అనే అర్థం ఉంది గనుక మళ్ళీ నాట్ చేర్చకూడదు.

మనవారు తరచుగా తడబడే చోటు ఒకటుంది. "ఇద్దరూ రాలేదు" అనే మాటను ఉన్నదున్నట్లు ఇంగ్లీషులోకి మార్చి "బోత్ డిడ్ నాట్ కమ్" అని వ్రాస్తారు. తెలుగులో దీని అర్థం స్పష్టమే, ఏ ఒక్కరూ రాలేదని. ఆ ఇంగ్లీషు వాక్యం విన్నవారు మాత్రం ఇద్దరూ కలిసి రాలేదు, ఒక్కరే వచ్చారని అనుకోవచ్చు. నైదర్ కేమ్ అంటే ఆ అనుమానానికి తావుండదు.

ఐదర్‌కు ఇంకొక అర్థం కూడా ఉంది. సైడ్ అనే మాటతో కలిసినప్పుడు అది తరచుగా 'రెండు ప్రక్కలా' అనే అర్థమిస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కర్నూలు, కడప ప్రాంతాల గుండా పారే కె.సి. కాలువ మనకందరికీ తెలుసు. కాలువకు ఐదర్ సైడ్ పొలాలున్నాయని వ్రాస్తే, ఏదో ఒక గట్టున అని కాదు, ఇరువైపులా ఉన్నాయనే అర్థం.

నైదర్‌కు ఎంత బరువుందో రాజులు మొదటి గ్రంథము 3వ అధ్యాయంలో చూడవచ్చు. బ్రతికున్న బిడ్డ ఒక్కడు, నా బిడ్డ అనే స్త్రీలు ఇద్దరు. కత్తి తెచ్చి బిడ్డను చెరిసగం చేయమన్నాడు సొలొమోను రాజు. కన్నతల్లి బిడ్డను వదులుకుంది. రెండవ స్త్రీ మాత్రం వాడు ఇద్దరిలో ఎవరికీ దక్కకూడదన్నది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో అక్కడున్న మాట నైదర్. చెరిసగం అనేది వినడానికి బోత్ లాగా ఉంది. జరిగి ఉంటే తేలేది నైదరే.

ఇప్పుడు పాసుపుస్తకానికి వద్దాం. భార్యాభర్తలిద్దరి పేరిట ఖాతా తెరిచేటప్పుడు, డబ్బు ఎవరి సంతకంతో తీయవచ్చునో ఫారంలో ఒక చోట వ్రాయాలి. అక్కడ 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరి సంతకంతో తీయవచ్చు. ఒకరు చనిపోతే మిగిలినవారికి బ్యాంకు చెల్లిస్తుంది. వారసుల హక్కు సంగతి వేరు, అది దీనితో పోదు. 'జాయింట్‌లీ' అని ఉంటే బోత్ అన్నమాట. ప్రతిసారీ ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు చనిపోతే మిగిలినవారు పోయినవారి వారసులతో కలిసి రావలసి ఉంటుంది. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అని ఉంటే మొదటి పేరు గలవారు బ్రతికున్నంత కాలం వారిదొక్కరి సంతకమే చెల్లుతుంది. ముగ్గురి పేరిట ఖాతా అయితే ఐదర్ పోయి 'ఎనీవన్' వస్తుంది. బడిలో చెప్పిన నియమాన్నే బ్యాంకు కూడా పాటిస్తున్నది చూడండి.

కడప ప్రాంతం నుండి ఎందరో కువైటుకు పనికి వెళ్తున్నారు. భర్త అక్కడ, భార్య ఇక్కడ ఉన్నప్పుడు ఖాతా 'జాయింట్‌లీ' అయితే ఆసుపత్రికైనా, విత్తనాలకైనా ఆమె ఒక్కతే వెళ్ళి డబ్బు తీయలేదు. ఖాతా 'ఐదర్' అయితే తీయగలదు. అయితే ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీసివేయవచ్చుననేది కూడా మరువరాదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటేనే అది మేలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఇంకొక జాగ్రత్త ఉంది. గడువు తీరాక ఒక్కరి సంతకం చాలినా, గడువుకు ముందే తీయాలంటే ఇద్దరి సంతకాలూ అడుగుతారు.

ఈ ఏర్పాటును తర్వాత మార్చుకోవచ్చు గాని, మార్చడానికి ఇద్దరి సంతకాలూ కావాలి. ఒకరు దూరదేశంలో ఉన్నప్పుడో, మంచం పట్టినప్పుడో అది కష్టం. కనుక ఇద్దరూ ఊరిలో ఉండగానే పాసుపుస్తకం తీయండి. ఇంగ్లీషు చదివే మీ బిడ్డచేత ఆ వరుస చదివించి, అర్థం చెప్పించుకోండి. పాసుపుస్తకంలో ఆ వరుస కనబడకపోతే బ్యాంకులో అడిగి తెలుసుకోండి. బిడ్డకు పాఠం వస్తుంది, మీకు మీ ఖాతా సంగతి తెలుస్తుంది. చెరొక మేలు.